దారిబత్తెము: వేసవి ప్రయాణమునకు సద్ది కట్టు విధము

ప్రయాణమునకు బయలుదేరువారు వెంట గొనిపోవు ఆహారమునకు మన పెద్దలు 'దారిబత్తెము' అని పేరిడిరి. సంస్కృతమున దీనినే 'పాథేయము' అందురు. పథమనగా త్రోవ, త్రోవకు పనికివచ్చునది పాథేయము. మన ఇండ్లలో వాడుకమాట 'సద్ది'. మన మరాఠీ సోదరులు 'శిదోరి' అందురు. 'పెద్దల మాట సద్దిమూట' అను సామెత నెరుగని తెలుగు ఇల్లు లేదు. ఆ సామెతలో పెద్దల మాటకు ఎంత గౌరవము కలదో, సద్దిమూటకును అంత గౌరవము కలదు. దూరపు దారిలో, అడుగుటకు ఎవ్వరును లేనిచోట అక్కరకు వచ్చునదియే సద్దిమూట.

ఈ వ్యాసమున మేము ఆ సద్దిమూటను గూర్చియే ముచ్చటింపనున్నాము. వేసవి సెలవులు వచ్చినంతనే మన కుటుంబములలో పెక్కు కారులలో బయలుదేరి ఆసిఫాబాదు, మంచిర్యాల, కరీంనగరము, వరంగల్లు, హైదరాబాదులలోని బంధువుల ఇండ్లకు పోవుచుండును. పెండ్లిండ్లును ఆ దినములలోనే వచ్చును. బట్టలు, కానుకలు వారము ముందుగా సర్దుకొందుము. ఆహారమును మాత్రము చివరి గడియలో, చేతికందినది అందినట్లు సంచిలో వేయుదుము. ఇది మంచి అలవాటు కాదు. 45 డిగ్రీల ఎండలో, మూసిన కారులో నాలుగైదు గంటలు నిలిచిన అన్నము కంటికి బాగుగనే కనబడును, ముక్కునకు బాగుగనే తోచును. అయినను అది తిన్న పసిపిల్లకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో, ఆసుపత్రి దూరమైన అడవిదారిలో ఆ తల్లిదండ్రుల గతి యేమి? కావున దారిబత్తెమును గూర్చి తెలిసికొనుట రుచికి సంబంధించిన ముచ్చట కాదు, క్షేమమునకు సంబంధించిన విద్య.

మన దారి, మన ఎండ

చంద్రపూరు, పూర్వపు పేరు చాందా, తెలుగు సీమకు గడపవంటిది. బల్లార్షా మీదుగా పోయి వార్ధా నదిని దాటినచో రాజురా వచ్చును. ఈ రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైనది. బొగ్గుగనులలోను, బల్లార్పూరు కాగితపు మిల్లులోను పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చట స్థిరపడినవి. కావున చుట్టరికములు నదికి ఆవల, కాపురములు ఈవల నున్నవి, రాకపోకలు తప్పవు.

నేడు రాజురా, వాంకిడి, ఆసిఫాబాదు, మంచిర్యాల, కరీంనగరము మీదుగా హైదరాబాదునకు సుమారు 400 కిలోమీటర్ల రోడ్డుదారి కలదు. నిలుచుచు పోయినచో ఇంచుమించు ఒక పగలంతయు పట్టును. దారి పొడుగున హోటళ్ళు లేకపోలేదు. కాని పిల్లకు ఆకలివేసిన చోటనే మంచి హోటలు ఉండునని గాని, ఉన్నను అచటి నీరు శుద్ధమైనదని గాని నమ్మకము లేదు.

ఇక ఎండ సంగతి. మన చంద్రపూరు దేశములోని మిక్కిలి వేడిగల పట్టణములలో నొకటి. మే మాసమున 45 డిగ్రీలు మనకు వింత కాదు. 47, 48 డిగ్రీలను చూచిన సంవత్సరములును కలవు. ఎండలో నిలిపి తలుపులు మూసిన కారు లోపలి వేడి మొదటి పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు, గంటలో 20 డిగ్రీలు పెరుగును. ఎడ్లబండిలో చెట్టునీడను సాగిన ప్రయాణమునకును, ఇనుపపెట్టెవంటి కారులో సాగు ప్రయాణమునకును గల భేదమిదియే. పూర్వులు కట్టిన సద్దినే మనమును కట్టుదుము గాని, దానిని వారు పెట్టినట్టి చల్లని చోట మనము పెట్టుట లేదు.

అన్నము ఎందుకు చెడును?

ఆహారమును చెరచునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వీని వృద్ధికి మూడు కావలెను: వెచ్చదనము, తేమ, కాలము. 5 డిగ్రీలు మొదలు 60 డిగ్రీల వరకు గల వేడి వీనికి అనుకూలమని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. వండిన పదార్థమును ఈ హద్దులలో రెండు గంటలకంటె మించి ఉంచరాదని ఆ సంస్థ నియమము. 32 డిగ్రీలు మించిన ఎండలో ఒక గంటయే గడువని అమెరికా వ్యవసాయశాఖవారి నియమము.

అనుకూలమైన చోట ఒక సూక్ష్మజీవి 20 నిమిషములలో రెండగును. విద్యార్థులు లెక్క వేసి చూడవలెను. గంటకు మూడు పర్యాయములు రెట్టింపైనచో, 7 గంటలలో 21 పర్యాయములు రెట్టింపగును. ఒక్కటిగా మొదలైనది 20,97,152 అగును. ఉదయము 5 గంటలకు మూట కట్టి మధ్యాహ్నము 12 గంటలకు విప్పువారు ఈ సంఖ్యను మరువరాదు.

వరి అన్నమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు బియ్యమునందు సామాన్యముగా ఉండును. అవి ఉడికించినను చావవు. అన్నము గోరువెచ్చగా నిలిచినపుడు అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను నశింపదు. 'వేడిచేసితిమి గదా, ఇక భయమేమి?' అని కొందరు అందురు. పుట్టిన విషమును వేడి పోగొట్టదు. విషము పుట్టకుండ చూచుటయే మార్గము. చేతి గాయముల నుండియు, ముక్కు చీదిన చేతుల నుండియు అన్నములో చేరు స్టెఫిలోకాకస్ అను మరియొక సూక్ష్మజీవి సంగతియు ఇట్టిదే. అందుచేత మూట కట్టు చేతులు సబ్బుతో కడిగినవై యుండవలెను. వ్రేలికి పుండున్నవారు ఆ పని మరియొకరికి అప్పగింపవలెను.

తడి, పులుపు, పొడి

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. దారిలో తిను పదార్థములన్నిటిని మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది తడి తరగతి. తెల్లన్నము, పప్పు, ఉడికిన కూరలు, ఇడ్లి, కొబ్బరిపచ్చడి, పాలు, కోడిగ్రుడ్డు, మాంసము ఈ తరగతిలోనివి. ఇవి అన్నిటికంటె ముందుగా చెడును. వీనిలో ఇడ్లివంటిది బయలుదేరిన రెండు గంటలలోపల, ఎండ ముదరకముందే తినివేయవలెను. కొబ్బరిపచ్చడి, గ్రుడ్డు, మాంసము వేసవి ప్రయాణమున వెంట తేకుండుటయే మేలు.

రెండవది పులుపు తరగతి. చింతపండు పులిహోర, పెరుగన్నము, ఊరుగాయ ఇందులోనివి. పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డగించును. ఆమ్లతను కొలుచు పి.హెచ్. అను కొలమానములో 4.6 కంటె తక్కువ గల పదార్థములలో వ్యాధికారక సూక్ష్మజీవులలో పెక్కు వృద్ధి చెందజాలవు. చింతపండు పులుసును దగ్గరగా ఉడికించి, నూనె, పసుపు, ఉప్పు చేర్చి, ప్రతి మెతుకునకు పట్టునట్లు కలిపిన పులిహోర ప్రయాణములలో ఇన్ని తరములుగా నిలిచిన రహస్యమిదియే. పులుపు పైపైన తగిలిన పులిహోరకు ఈ రక్షణ లేదు. ఎంత పుల్లనిదైనను మధ్యాహ్నముతో దానిని ముగింపవలెను. రాత్రికి మిగుల్చుట తగదు.

పెరుగన్నమును గూర్చి ఒక మాట. అన్నములో పాలుపోసి కొంచెము తోడువేసి కట్టినచో భోజనవేళకు కమ్మగా తోడుకొనునని మన పెద్దల పద్ధతి. చల్లని వేకువలకు, కాలినడకలకు అది చక్కని పద్ధతియే. కాని పాలు పూర్తిగా పులియువరకు వానికి రక్షణ లేదు. నేటి కారు వేడిలో ఆ నడిమి కాలము ప్రమాదకరము. కనుక వేసవిలో పాలకు బదులుగా, బాగుగా తోడుకొని పుల్లనైన పెరుగునే కలుపుట యుక్తము. పెద్దల మాట సద్దిమూటయే. కాని మూటను కాలమునుబట్టి విప్పి చూచుకొనుట పిన్నల ధర్మము.

మూడవది పొడి తరగతి. ఇదియే దారిబత్తెములో రాజు. పేలాలు, అటుకులు, వేయించిన వేరుసెనగలు, పుట్నాలు, నువ్వుల ఉండలు, బెల్లపు పట్టీలు, సకినాలు, సర్వపిండి, ఎండు ఖర్జూరములు ఇందులోనివి. తేమ లేనిచోట సూక్ష్మజీవి పెరుగజాలదు. వీనిలో సర్వపిండి కొంత తడి గలది గనుక ఆ దినముననే తినవలెను; తక్కినవి డబ్బాలో దినములకొలది నిలుచును. పెనముమీద బాగుగా కాల్చి, చల్లార్చి కట్టిన జొన్నరొట్టె పులుపు తరగతికిని పొడి తరగతికిని నడుమ నిలుచును. నువ్వులపొడితో గాని వెల్లుల్లి కారముతో గాని దానిని తినవచ్చును. మన మరాఠీ ఇరుగుపొరుగువారు నీటికి బదులు పాలతో పిండి కలిపి 'దశమి' అను రొట్టెను ప్రయాణములకు చేయుదురు. అట్టివానిని చూచి నేర్చుకొనుట మనకు లాభము.

కావున ఈ పాఠమంతయు ఒక్క వాక్యములో ఇమిడియున్నది: తడిది ముందు, పులుపుది పిమ్మట, పొడిది చివర. ఏమి తినవలెనను ప్రశ్నకంటె, ఏది ఎప్పుడు తినవలెనను ప్రశ్న ముఖ్యము.

ఈ జ్ఞానము మనకు క్రొత్తది కాదు. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడపడుచులు బతుకమ్మను నీటిలో విడిచిన పిమ్మట పంచుకొను సద్దులను తలచుకొనుడు: పులిహోర, పెరుగన్నము, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, రొట్టెయు బెల్లమును కలిపిన మలీద. పులుపును పొడియును ఆ పళ్ళెమున ప్రక్కప్రక్కనే కలవు. పోతన భాగవత దశమస్కంధమున గోపబాలకులు చల్దులారగించు ఘట్టమందు పెరుగన్నమునకు తోడుగా ఊరుగాయలు కానవచ్చును. ఇంటి నుండి దూరముగా అడవిలో తిను అన్నమునకు పులుపు తోడుండవలెనని మనవారు ఏనాడో ఎరుగుదురు.

బలమునిచ్చునది, బలము తీయునది

చెడకుండుట ఒక్కటియే చాలదు, తిన్నది బలమునీయవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేత చిన్న పరిశోధనశాలగా ఆరంభింపబడి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు ధరించినది. మన దేశపు ఆహారపదార్థముల గుణములను పరీక్షించి పట్టికలు ప్రకటించినవారు వీరే. 100 గ్రాముల వేరుసెనగలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, పుట్నాలలో సుమారు 22 గ్రాములు కలవు. నువ్వులలో సున్నపు ధాతువు సమృద్ధిగా కలదు.

వీనికి ప్రతిగా అంగడి పొట్లములను చూతము. ఉప్పు దట్టించి నూనెలో వేచిన ఆలుగడ్డ రేకులు దాహమును పెంచునే కాని బలమునీయవు. దినమునకు 5 గ్రాముల లోపల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రంగు పానీయములలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉండును. 600 మిల్లీలీటర్ల సీసా త్రాగిన పిల్లవాడు 60 గ్రాముల చక్కెర మ్రింగినట్లే. పిల్లలకు పొట్లములపై మోజు కలదు. దానిని మందలించుటకంటె, ఇంటి చిరుతిండిని వారిచేతనే డబ్బాలలో సర్దింపించుట మంచి ఉపాయము. తాను సర్దినదానిని పిల్లవాడు తానే అడిగి తినును.

నీరు, మజ్జిగ

ఎండ ప్రయాణమున అన్నముకంటె నీరు ముఖ్యము. మనిషికి 3 లీటర్ల లెక్కను, చేతులు కడుగుకొనుటకు వేరుగా 5 లీటర్లును ఉంచుకొనవలెను. కాచి చల్లార్చిన నీరు శ్రేష్ఠము. 'మూత్రమునకు మాటిమాటికి ఆగవలసివచ్చును' అని నీరు త్రాగకుండుట మన స్త్రీలలో కొందరి అలవాటు. ఇది మిక్కిలి హానికరము. దారిలో శుభ్రమైన పెట్రోలు బంకులను ముందే గుర్తించి అచట ఆగుట కుటుంబ యజమాని బాధ్యత.

ఉప్పు వేసిన పలుచని మజ్జిగను ఫ్లాస్కులో చల్లగా ఉంచి ఉదయము తొమ్మిది పది గంటలలోపల త్రాగవలెను. ఎవరికైనను విరేచనములు పట్టుకొన్నచో జీవజల పొట్లములు అక్కరకు వచ్చును. వానిని ప్రతి కారులో ఉంచవలెను. అవి లేనిచో 1 లీటరు శుద్ధజలమున 6 చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. చెంచా యనగా చిన్న టీ చెంచా, తలగొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైనచో ప్రమాదము. వాంతులు ఆగకున్నను, పిల్ల మత్తుగా ఉన్నను జాగు చేయక సమీప వైద్యుని కడకు పోవలెను.

మూట కట్టు విధము

వేడి అన్నమును వెంటనే డబ్బాలో మూయరాదు. ఆవిరి నీరై అన్నముమీద పడి తేమను పెంచును. వెడల్పు పళ్ళెమున పరచి త్వరగా చల్లార్చి, పిదప పొడి స్టీలు డబ్బాలో పెట్టవలెను. ఒక్క పెద్ద డబ్బాకంటె, ఒక పూటకు సరిపడు చిన్న డబ్బాలు మేలు. ఒకమారు చేయి పెట్టిన డబ్బాను మరల దాచరాదు.

పాత వార్తాపత్రికలలో ఆహారమును చుట్టుట మానవలెను. అచ్చుసిరాలోని హానికర పదార్థములు నూనెతో కలిసి తిండిలో దిగునని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించినది. మన అడవులలో మోదుగచెట్లకు కొదువలేదు. మోదుగాకు విస్తర పళ్ళెమునకును పొట్లమునకును పనికివచ్చును.

మూటను డిక్కీలో పెట్టక, మనుషులు కూర్చున్న చల్లని భాగమున, ఎండ తగులని మూలను ఉంచవలెను. కారు నిలిపినపుడు నీడను వెదకవలెను. పండ్లను ఇంటిలోనే కడిగి తుడిచి, కోయకుండ తేవలెను. కోసిన పండు తడి తరగతిలోనిది.

ఎవరికేది?

ఆరు నెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప వేరేమియు, నీరు సైతము, అక్కరలేదు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టరాదు. మధుమేహము గల పెద్దలకు వేళకు భోజనము తప్పరాదు. మందు వేసికొని భోజనము ఆలసించినచో చక్కెర పడిపోవును గనుక వారి చేతిసంచిలో బెల్లపుముక్కయో గ్లూకోజు పొట్లమో ఉండవలెను. కారులో కడుపు త్రిప్పువారు నూనెవంటకములు మాని, కొంచెము కొంచెముగా పొడిపదార్థములు తినవలెను. బండి నడుపువారు కడుపునిండ తిని వెంటనే చక్రము పట్టరాదు, నిద్రమత్తు కమ్ముకొనును. వారు సగము కడుపునకు తిని, రెండు గంటలకొకమారు దిగి నడవవలెను.

ఒక దినపు పట్టిక

తల్లి, తండ్రి, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు గల కుటుంబము మే మాసమున హైదరాబాదునకు పోవుచున్నదనుకొందము.

వేకువ 4-30: ఇడ్లి దించుట. రాత్రియే పులిహోర పులుసు, పొడులు, ఉండలు సిద్ధము. అన్నము మాత్రము వేకువనే వండవలెను.
5-00: ప్రయాణము.
6-30: ఆసిఫాబాదు సమీపమున ఇడ్లి, కారప్పొడి, నువ్వులనూనె. తడి తరగతి ఇంతటితో సమాప్తము.
9-00: మంచిర్యాల ప్రాంతమున మజ్జిగ, అరటిపండ్లు.
11-00: గోదావరి దాటిన పిదప, కరీంనగరము దారిలో నీడను చూచి భోజనము. అర కిలో బియ్యపు పులిహోర, జొన్నరొట్టెలు ఆరు, కీరదోస, ఊరుగాయ. మిగిలినది దాచరాదు.
2-00: పుట్నాలు, వేరుసెనగలు, నువ్వుల ఉండలు.

ఇదిగాక పావుకిలో వేరుసెనగలు, పావుకిలో అటుకులు, కొంత బెల్లము గల డబ్బానొకదానిని ఎవ్వరును ముట్టక చివరివరకు ఉంచవలెను. చక్రము పగిలినను, వంతెనవద్ద దారి నిలిచినను ఆ డబ్బా కుటుంబమును కాపాడును. ఏ ఆపదయు లేక ఊరు చేరినచో, అది అమ్మమ్మ ఇంటి పిల్లలకు కానుక యగును.

మన పిల్లలకు అంగడి పొట్లముల పేర్లు పది తెలియును గాని 'సద్ది', 'పేలపిండి', 'మలీద' అను మాటలు క్రమముగా దూరమగుచున్నవి. మాట పోయినచోట దాని వెనుకనున్న పనియును, ఆ పనిలోని తెలివియును పోవును. పరభాషా రాష్ట్రమున నివసించు మనకు భాషను నిలుపుకొనుట పుస్తకములతో మాత్రమే అగునది కాదు. వేకువజామున వంటయింటిలో నాయనమ్మ ప్రక్కన నిలిచి సద్ది కట్టుటయు భాషాభ్యాసమే.

అభ్యాసము

1. 20 నిమిషములకొకమారు రెట్టింపగు సూక్ష్మజీవి ఒక్కటి 4 గంటలలో ఎన్ని యగును?
2. మీ ఇంటిలో నేడు వండిన పదార్థములను తడి, పులుపు, పొడి అను మూడు తరగతులుగా వ్రాయుడు.
3. మీ ఇంటి పెద్దలనడిగి, వారి బాల్యములో ప్రయాణమునకు కట్టిన సద్ది పేర్లు ఐదు సేకరింపుడు. వానిలో మీరెరుగనివి ఎన్ని?
4. మీ మరాఠీ మిత్రుని ఇంట శిదోరిలో ఏమేమి ఉండునో తెలిసికొని, మన సద్దితో పోల్చుడు.